కొన్ని జాతుల్లోనే అన్నవాహిక క్యాన్సర్ ఎందుకెక్కువ? కారణం జన్యువులేనా?

ఇరాన్ ఉత్తరాన, కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయంగా గోలెస్తాన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ తుర్క్‌మెన్ అనే మైనారిటీ జాతి ప్రజలు పెద్ద సంఖ్యలో ఉంటారు. 1970లలో వీళ్లు నివసించే గొన్‌బద్ ప్రాంతంలో ఏటా ప్రతి లక్ష మందిలో వంద మందికి పైగా అన్నవాహిక క్యాన్సర్ బారిన పడేవారు. ప్రపంచంలో నమోదైన అత్యధిక రేట్లలో ఇదొకటి. మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ అదే స్థాయిలో, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువగా వచ్చేది.

చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఉండే కజఖ్‌లదీ ఇదే పరిస్థితి. అదే ప్రాంతంలో ఉంటున్న ఇతర జాతుల కంటే వాళ్లలోనే ఈ క్యాన్సర్ ఎక్కువ. మన దేశంలో మేఘాలయ ఖాసీ కొండల్లోనూ ఇంతే.

ఇవి చదవగానే ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, "ఆ జాతి రక్తంలోనే ఏదో ఉంది" అని. శాస్త్రవేత్తలకూ ఆ అనుమానం వచ్చింది. 50 ఏళ్లుగా వెతుకుతున్నారు. కొన్ని జన్యు మార్పులు దొరికాయి కూడా. అయితే వాటి పాత్ర ఎంత? జన్యు పరీక్షలు చేయిస్తే ఆ ప్రజలకు మేలు జరుగుతుందా? ప్రభుత్వాలు డబ్బు దేని మీద పెట్టాలి? "లాలాజలం పంపండి, మీ క్యాన్సర్ ముప్పు చెప్తాం" అనే ప్రకటనలు మన ఫోన్లలోనూ కనిపిస్తున్న రోజుల్లో, ఈ ప్రశ్నలు ఇరాన్‌కో చైనాకో మాత్రమే సంబంధించినవి కావు.

ముందు ఈ క్యాన్సర్ సంగతి

అన్నవాహిక అంటే గొంతు నుంచి కడుపు దాకా ఆహారాన్ని తీసుకెళ్లే గొట్టం. దీనికి వచ్చే క్యాన్సర్ ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది స్క్వామస్ సెల్ క్యాన్సర్. గొట్టం లోపలి పొర కణాల్లో మొదలవుతుంది. ప్రపంచంలోని అన్నవాహిక క్యాన్సర్లలో అత్యధిక శాతం ఇదే. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో కనిపించేది ఎక్కువగా ఈ రకమే.

రెండోది అడినోకార్సినోమా. కడుపుకు దగ్గరగా, కింది భాగంలో వస్తుంది. ఊబకాయం, ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నడం దీనికి ముఖ్య కారణాలు. యూరప్, అమెరికాల్లోని శ్వేతజాతీయుల్లో ఇది ఎక్కువ.

ఈ కథనమంతా మొదటి రకం గురించే.

2022లో ప్రపంచవ్యాప్తంగా 5 లక్షల 11 వేల మందికి అన్నవాహిక క్యాన్సర్ వచ్చింది. 4 లక్షల 45 వేల మంది చనిపోయారు. ఈ రెండు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తే జబ్బు తీవ్రత అర్థమవుతుంది. చాలా దేశాల్లో జబ్బు బయటపడ్డాక ఐదేళ్లు బతికేవాళ్లు 10 నుంచి 30 శాతం మధ్యే ఉన్నారు. కారణం ఆలస్యం. అన్నవాహిక సాగే గుణం ఉన్న గొట్టం. గడ్డ బాగా పెరిగి దారి మూసేదాకా మింగడంలో ఇబ్బంది తెలియదు. అప్పటికి జబ్బు చాలామందిలో ముదిరిపోయి ఉంటుంది.

ఉత్తర ఇరాన్ నుంచి మధ్య ఆసియా మీదుగా ఉత్తర చైనా దాకా ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉన్న ప్రాంతాలన్నీ మ్యాపులో ఒక పట్టీలా కనిపిస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని "ఆసియా అన్నవాహిక క్యాన్సర్ పట్టీ" అంటారు. తుర్క్‌మెన్‌లు, కజఖ్‌లు ఇద్దరూ టర్కిక్ భాషలు మాట్లాడే జాతులే. ఇద్దరి పూర్వీకులూ పశువులు మేపుకుంటూ తిరిగినవాళ్లే. "వీళ్లందరిలో ఉమ్మడి జన్యువు ఏదో ఉండి ఉండాలి" అనే అనుమానం బలపడటానికి ఇదీ ఒక కారణం.

జన్యువుల్లో ఏం దొరికింది?

మొదట కుటుంబాలను చూశారు. తుర్క్‌మెన్‌లలో అన్నవాహిక క్యాన్సర్ వచ్చినవాళ్ల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలకు ఆ జబ్బు వచ్చే ముప్పు ఇతరులతో పోలిస్తే రెండింతలకు పైగా ఉందని 2006లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో మార్పులు కొందరు రోగుల్లో కనిపించాయి. రొమ్ము క్యాన్సర్ గురించి చదివినప్పుడు మీరు విని ఉండే జన్యువు ఇదే.

అయితే ఒక కుటుంబంలో పదే పదే ఒక జబ్బు వచ్చిందంటే దానికి జన్యువే కారణమని చెప్పలేం. ఒక ఇంట్లోవాళ్లు పంచుకునేది రక్తాన్ని మాత్రమే కాదు. ఒకే పొయ్యి పొగ పీలుస్తారు, ఒకే బావి నీళ్లు తాగుతారు, ఒకే కెటిల్‌లోంచి టీ పోసుకుంటారు.

2010లో చైనాలో పెద్ద ముందడుగు పడింది. మనిషి జన్యువులన్నింటినీ ఒకేసారి జల్లెడ పట్టే పద్ధతిలో వేలమంది రోగులను, ఆరోగ్యవంతులను పోల్చి చూశారు. పీఎల్‌సీఈ1 అనే జన్యువు దగ్గర ఒక చిన్న మార్పు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని ఆ ఏడాదే రెండు బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి.

మూడో ముఖ్యమైన జన్యువు ఏఎల్‌డీహెచ్2. మద్యం తాగినప్పుడు శరీరంలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థం తయారవుతుంది. దాన్ని విరగ్గొట్టేది ఈ జన్యువు ఇచ్చే ఎంజైమ్. తూర్పు ఆసియావాసుల్లో దాదాపు మూడో వంతు మందికి పైగా ఈ జన్యువులో మార్పు ఉంటుంది. వాళ్లు ఒక గ్లాసు బీరు తాగినా మొహం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. ఒకే ప్రతిలో మార్పు ఉన్నవాళ్లు ఆ ఇబ్బందిని ఓర్చుకుని తాగడం కొనసాగిస్తే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ జన్యు మార్పు తనంతట తాను క్యాన్సర్ తేవడం లేదు. పక్కన మద్యం ఉండాలి. తాగనివాళ్లలో ఆ మార్పు ఉన్నా ఈ ముప్పు దాదాపు లేనట్టే. గోలెస్తాన్ తుర్క్‌మెన్‌లు సంప్రదాయంగా మద్యం ముట్టని ముస్లింలు. కాబట్టి వాళ్ల కథను ఈ జన్యువు వివరించలేదు.

1.43 రెట్లు అంటే ఎంత?

పీఎల్‌సీఈ1 మార్పు వల్ల ముప్పు సుమారు 1.43 రెట్లు అవుతుందని చైనా అధ్యయనం చెప్పింది. వినడానికి పెద్దదిగా ఉంది. ఒక ఉదాహరణతో చూద్దాం. ఏదో ఒక ఊళ్లో జీవితకాలంలో ప్రతి వెయ్యి మందిలో 10 మందికి ఈ జబ్బు వస్తుందనుకోండి. ఆ మార్పు ఉన్న వెయ్యి మందిని విడిగా తీసుకుంటే 14 మందికి వస్తుంది. మిగతా 986 మందికి రాదు. మార్పు లేని వెయ్యి మందిలోనూ 10 మందికి వస్తుంది.

అంటే ఆ పరీక్ష చేయించుకుని "మీకు మార్పు ఉంది" అని తెలిసినా, "లేదు" అని తెలిసినా, డాక్టర్ మీకు ఇచ్చే సలహా దాదాపు ఒకటే. పరిశోధకులకు ఈ సమాచారం ఎంతో విలువైనది. క్యాన్సర్ ఎలా మొదలవుతుందో అర్థం చేసుకోవడానికి అది దారి చూపిస్తుంది. ఒక మనిషి భవిష్యత్తు చెప్పడానికి మాత్రం అది చాలదు.

దీని పక్కన టీ పెట్టి చూడండి. గోలెస్తాన్‌లో 300 మంది రోగులను, 571 మంది ఆరోగ్యవంతులను పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. 65 డిగ్రీల కంటే తక్కువ వేడితో టీ తాగేవాళ్లతో పోలిస్తే, 70 డిగ్రీలు అంతకు మించిన వేడితో తాగేవాళ్లలో ముప్పు 8 రెట్లు కనిపించింది. అది జబ్బు వచ్చాక వెనక్కి తిరిగి అడిగిన లెక్క కాబట్టి కాస్త ఎక్కువగా కనిపించి ఉండొచ్చు. ఆ తర్వాత అదే ప్రాంతంలో 50 వేల మందిని ఏళ్ల తరబడి అనుసరించి, టీ వేడిని థర్మామీటర్‌తో కొలిచి మరీ చూశారు. 60 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ వేడితో రోజుకు 700 మిల్లీలీటర్లకు మించి తాగేవాళ్లలో ముప్పు 90 శాతం ఎక్కువని తేలింది. ఈ జాగ్రత్త లెక్క కూడా పీఎల్‌సీఈ1 ఇచ్చే ముప్పు కంటే పెద్దదే. పైగా జన్యువును మార్చుకోలేం, టీని చల్లార్చుకోవచ్చు.

65 డిగ్రీలకు పైబడిన వేడితో పానీయాలు తాగడం "బహుశా క్యాన్సర్ కారకం" అని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. అది టీ తప్పు కాదు, వేడి తప్పు.

జాతి వేరు, జన్యువు వేరు

"ఆ జాతికి ఈ జబ్బు ఎక్కువ" అనే మాట నిజమే కావచ్చు. "కాబట్టి అది వాళ్ల జన్యువుల్లో ఉంది" అనేది వేరే మాట. మొదటిదాన్నుంచి రెండోదానికి గెంతకూడదనడానికి మూడు ఆధారాలున్నాయి.

ఒకటి, కాలం. గోలెస్తాన్‌లో 1970లతో పోలిస్తే 2000ల నాటికి ఈ క్యాన్సర్ రేటు సగానికి పైగా తగ్గింది. అమెరికాలో నల్లజాతీయుల్లోనూ స్క్వామస్ రకం 1980ల తర్వాత బాగా పడిపోయింది. ఒక జాతి జన్యువులు 30, 40 ఏళ్లలో మారవు. మారింది బతుకు తీరు. గోలెస్తాన్‌లో కొళాయి నీళ్లు, గ్యాస్ పొయ్యిలు, ఫ్రిజ్‌లు, కూరగాయలు వచ్చాయి.

రెండు, గడ్డల్లోని ముద్రలు. 2021లో ఒక అంతర్జాతీయ బృందం 8 దేశాల నుంచి 552 మంది రోగుల అన్నవాహిక గడ్డల జన్యుక్రమాన్ని పూర్తిగా చదివింది. ఇరాన్, చైనా, కెన్యా లాంటి ఎక్కువ రేటు దేశాలతో పాటు జపాన్, బ్రిటన్ లాంటి తక్కువ రేటు దేశాలూ అందులో ఉన్నాయి. పొగాకు, ఎండ లాంటివి కణాల్లో తమ ముద్ర వదిలి వెళ్తాయి. కాబట్టి ఎక్కువ రేటు ఉన్నచోట ఏదో ప్రత్యేక ముద్ర దొరుకుతుందని ఆశించారు. అన్నిచోట్లా ముద్రలు దాదాపు ఒకేలా ఉన్నాయి. ఒక్క విషపదార్థం మీదో, ఒక్క కారణం మీదో నేరం మోపడానికి వీల్లేదని దీంతో తేలింది.

మూడు, ఒకచోట పనిచేసిన జన్యు గుర్తు మరోచోట పనిచేయకపోవడం. చైనాలో దొరికిన పీఎల్‌సీఈ1 మార్పుకు దక్షిణాఫ్రికా నల్లజాతీయుల్లో క్యాన్సర్‌తో సంబంధం కనిపించలేదు. అదే జన్యువులో మరోచోట ఉన్న వేరే మార్పుతో కనిపించింది. అంటే ఒక జాతి మీద తయారుచేసిన పరీక్షను ఇంకో జాతికి అమ్మితే అది తప్పుడు ధైర్యమో, తప్పుడు భయమో ఇస్తుంది.

మరి గోలెస్తాన్‌లో అసలు కారణాలు ఏమిటి? అక్కడి పరిశోధకులు ఇచ్చిన జాబితా చూస్తే ఇది పేదరికం చిరునామాలా ఉంటుంది. బాగా వేడి టీ, నల్లమందు అలవాటు, హుక్కా, ఇంట్లో వంటచెరకు పొగ, పళ్లు, కూరగాయలు తక్కువ తినడం, కొళాయి లేని ఇళ్లలో తాగే నీళ్లు, పాడైన పళ్లవరస. వీటిలో ఏ ఒక్కటీ మొత్తం కథ కాదు. ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. వీటికి తోడు కొందరిలో జన్యుపరమైన బలహీనత కలుస్తుంది.

పరిశోధనలోనూ మైనారిటీలే

"జన్యువుల పాత్ర తక్కువ" అంటే "మైనారిటీ జాతుల జన్యువులను చదవక్కర్లేదు" అని కాదు. నిజానికి వాళ్ల గురించి మనకు తెలిసింది చాలా తక్కువ.

పీఎల్‌సీఈ1ను గుర్తించిన 2010 నాటి అధ్యయనమే చూడండి. అందులో హాన్ చైనీయులు 21 వేల మందికి పైగా ఉన్నారు. ఈ జబ్బు ఎక్కువగా పీడిస్తున్న కజఖ్‌ల వాటా? "ఉయ్ఘుర్-కజఖ్" అనే ఒకే గంపలో వేసి, 303 మంది రోగులను, 537 మంది ఆరోగ్యవంతులను మాత్రమే చేర్చారు. ఉయ్ఘుర్లు, కజఖ్‌లు వేర్వేరు జాతులు. తిండి, బతుకు వేరు. క్యాన్సర్ రేట్లూ వేరు.

ప్రపంచమంతటా ఇదే తంతు. 2016 నాటికి ఇలాంటి భారీ జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 81 శాతం మంది యూరప్ మూలాలున్నవాళ్లే. మిగతా ప్రపంచమంతా కలిసి 19 శాతం.

నమ్మకం సమస్య ఇంకోటి. షిన్‌జియాంగ్‌లో 12 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న ప్రజల నుంచి అధికారులు డీఎన్‌ఏ నమూనాలు సేకరిస్తున్నారని, అందుకు ఉచిత వైద్యపరీక్షల కార్యక్రమాన్ని వాడుకుంటున్నారని 2017లో హ్యూమన్ రైట్స్ వాచ్ ఆరోపించింది. ఆరోగ్య పరీక్షకని ఇచ్చిన రక్తం నిఘాకు పోతుందన్న భయం ఒకసారి మొదలైతే, రేపు నిజంగా ప్రాణం నిలబెట్టే పరీక్షకు పిలిచినా జనం రారు. ప్రజలు ఇచ్చే నమూనాను ఎందుకు తీసుకుంటున్నారో, ఎక్కడ దాస్తారో, ఇంకెవరికి ఇస్తారో చెప్పకుండా తీసుకోవడం సేవ కిందకు రాదు.

జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చేది ఎప్పుడు?

మూడు ఉదాహరణలు చూస్తే తేడా తెలుస్తుంది.

మొదటిది, టైలోసిస్ అనే అరుదైన వంశపారంపర్య జబ్బు. అరచేతులు, అరికాళ్ల చర్మం దళసరిగా మారుతుంది. బ్రిటన్‌లోని లివర్‌పూల్ కుటుంబాల్లో దీన్ని 1958లో వివరించారు. ఆర్‌హెచ్‌బీడీఎఫ్2 అనే జన్యువులో మార్పు దీనికి కారణం. ఈ కుటుంబాల్లో అన్నవాహిక క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. అక్కడ జన్యు పరీక్ష చేసి, మార్పు ఉన్నవాళ్లకు క్రమం తప్పకుండా ఎండోస్కోపీ చేయడం వల్ల ప్రాణాలు దక్కుతాయి.

రెండోది, జపాన్ అనుభవం. ఏఎల్‌డీహెచ్2 మార్పును పట్టుకోవడానికి అక్కడి వైద్యులు రెండు ప్రశ్నలు తయారుచేశారు. "ఒక గ్లాసు బీరు తాగితే మీ మొహం ఎర్రబడుతుందా?", "తాగడం మొదలుపెట్టిన తొలి ఏడాది రెండేళ్లలో ఎర్రబడేదా?" ఈ రెండింటికీ వచ్చే జవాబులతోనే దాదాపు 90 శాతం కచ్చితత్వంతో చెప్పగలిగారు. ల్యాబ్ అక్కర్లేదు, కిట్ అక్కర్లేదు. తెలుగువాళ్లతో సహా భారతీయుల్లో ఈ మార్పు చాలా అరుదు. అయితే మనకు మొహం ఎర్రబడదు కాబట్టి మద్యం హాని చేయదనుకోవద్దు. అన్నవాహిక క్యాన్సర్‌కు మద్యం కారణమని ఎప్పుడో నిర్ధారణ అయింది.

మూడోది మన ఇంటి ఉదాహరణ. తెలుగు రాష్ట్రాల్లోని వైశ్య సామాజిక వర్గంలో కొందరికి బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు మత్తుతో పాటు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు వీళ్ల శరీరంలోంచి త్వరగా పోదు. కండరాలు గంటల తరబడి కదలవు. తరతరాలుగా సొంత వర్గంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల పూర్వీకుడి దగ్గరున్న మార్పు ఇలా పోగుపడుతుందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి అధ్యయనం వివరించింది. ఇక్కడ సమస్య ఒక్క జన్యువు, ప్రభావం పెద్దది, జాగ్రత్త తేలిక. మత్తు డాక్టర్‌కు ముందే చెబితే మందు మారుస్తారు. సామాజిక వర్గాన్ని బట్టి జన్యు సమాచారం ఉపయోగపడటం అంటే ఇది.

తుర్క్‌మెన్‌ల, కజఖ్‌ల అన్నవాహిక క్యాన్సర్ ఈ మూడింటిలా లేదు. అక్కడ జన్యువులు అనేకం, ఒక్కొక్కటి చేసేది కొంచెం, పక్కన బతుకు పరిస్థితుల బరువు ఎక్కువ.

అయితే ప్రభుత్వం ఏం చేయాలి?

ముప్పు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఎండోస్కోపీ పని చేస్తుందనడానికి మంచి రుజువు చైనాలోనే ఉంది. హెబెయ్ రాష్ట్రంలోని సిషియన్ కౌంటీలో 40 నుంచి 69 ఏళ్ల వయసువారికి జీవితంలో ఒక్కసారి ఎండోస్కోపీ చేశారు. అయోడిన్ ద్రావణం చల్లితే ఆరోగ్యంగా ఉన్న పొర గోధుమ రంగులోకి మారుతుంది, చెడిన భాగం రంగు పట్టదు. అలా దొరికిన తొలిదశ మచ్చలను అక్కడికక్కడే తొలగించారు. పదేళ్ల తర్వాత లెక్క చూస్తే, పరీక్ష జరిగిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 3.35 శాతం. జరగని ఊళ్లలో 5.05 శాతం. అంటే మూడో వంతు మరణాలు తగ్గాయి. ఈ పరీక్షలో ఎవరి జన్యువునూ చదవలేదు. వయసు, ఊరు చూసి పిలిచారు, అంతే.

అయితే ఎండోస్కోపీ అందరికీ చేయడం కుదరదు. యంత్రం కావాలి, నేర్పున్న డాక్టర్ కావాలి, రోగి పరగడుపున రావాలి. జబ్బు అరుదుగా ఉన్నచోట వేలమందికి గొట్టం వేస్తే ఒకరికి మేలు జరుగుతుంది, చాలామందికి అనవసర ఇబ్బంది మిగులుతుంది. అందుకే తేలిక పద్ధతుల కోసం వెతుకుతున్నారు. చైనా పాథాలజిస్టు షెన్ చియోంగ్ అర్ధ శతాబ్దానికి ముందే, వలకప్పిన చిన్న బెలూన్‌ను మింగించి, పైకి లాగి కణాలు సేకరించే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు దారం కట్టిన మాత్రలో స్పాంజి పెట్టి మింగించే పరీక్షలు అదే ఆలోచనకు కొత్త రూపం.

గోలెస్తాన్ నేర్పే పాఠం ఇంకోటి ఉంది. 50 వేల మందితో అంత పెద్ద అధ్యయనం సాధ్యమైంది పెద్ద ఆసుపత్రుల వల్ల కాదు. ఇరాన్ పల్లెల్లో "ఆరోగ్య గృహాలు" ఉంటాయి. వాటిలో పనిచేసే బెహ్‌వర్జ్‌లు ఆ ఊరివాళ్లే. మన ఆశా కార్యకర్తల్లాగే ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో వాళ్లకు తెలుసు. జనాన్ని పిలిచిందీ, ఏళ్ల తరబడి జాడ తప్పకుండా చూసిందీ వాళ్లే. తుర్క్‌మెన్ ఊళ్లో తుర్క్‌మెన్ భాషలో మాట్లాడే ఆరోగ్య కార్యకర్త ఉండటం ఏ జన్యు కిట్ కంటే తక్కువ సాంకేతికత కాదు.

మన దేశంలో ఎక్కడున్నాం?

మన దేశంలో ఏటా 60 వేల మందికి పైగా అన్నవాహిక క్యాన్సర్ వస్తోంది. 2012-16 నాటి క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదిక ప్రకారం అత్యధిక రేటు మేఘాలయలోని ఈస్ట్ ఖాసీ హిల్స్ జిల్లాలో నమోదైంది. అక్కడ మగవాళ్లలో లక్షకు 75.4. ఖాసీలు తమ రాష్ట్రంలో సంఖ్యాబలం ఉన్నవాళ్లే అయినా, దేశం మొత్తమ్మీద చిన్న గిరిజన సముదాయం. వాళ్ల జీవితంలో కువాయ్ ఒక భాగం. పచ్చి వక్క, తమలపాకు, సున్నం కలిపి నమలడం. ఇంటికి వచ్చినవాళ్లకు మనం మంచినీళ్లు ఇచ్చినట్టు వాళ్లు కువాయ్ ఇస్తారు. పొగాకు కలిసినా కలవకపోయినా ఈ తరహా తాంబూలం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ సంస్థ తేల్చింది. దానికి తోడు పొగాకు వాడకం. ఇక్కడ కూడా "ఖాసీ జన్యువు" అనేసి ఊరుకుంటే, చేయగలిగిన పని చేయకుండా తప్పించుకున్నట్టే.

జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తారు. అన్నవాహిక ఆ జాబితాలో లేదు. దేశమంతటికీ అది సబబే కావచ్చు. ఈస్ట్ ఖాసీ హిల్స్ లాంటి జిల్లాకు మాత్రం అదే కొలత సరిపోదు. సేవను జిల్లా అవసరాన్ని బట్టి కత్తిరించుకోగలగాలి.

ఇక పరిశోధన వైపు చూస్తే, జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద 83 సముదాయాలకు చెందిన సుమారు 10 వేల మంది జన్యుక్రమాలను చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. గిరిజన సముదాయాలూ అందులో ఉన్నాయి. ఇది మంచి పునాది. దాని మీద కట్టేది ఇల్లా, కేవలం బోర్డా అన్నది తర్వాతి అడుగు మీద ఉంటుంది. రక్తం ఇచ్చిన ఊరికి కనీసం ఒక ఎండోస్కోపీ గది దగ్గర్లోకి వస్తుందా అని అడగడం అత్యాశేమీ కాదు.

మీరు ఏం చేయాలి?

మింగేటప్పుడు ముద్ద అడ్డుపడుతున్నట్టు రెండు మూడు వారాలకు మించి అనిపిస్తే, "గ్యాస్" అని సర్దిపెట్టుకోకండి. మొదట గట్టి పదార్థాలు, తర్వాత మెత్తటివి, చివరికి నీళ్లు కూడా దిగకపోవడం ఈ జబ్బు నడక. కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోయి తగ్గకపోవడం కూడా చూపించుకోవాల్సిన లక్షణాలే. ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో క్యాన్సర్ చికిత్స ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చాలామంది విషయంలో జరిగే ఆలస్యం చికిత్స దగ్గర కాదు, మొదటి ఎండోస్కోపీ దగ్గర.

సిగరెట్, బీడీ, ఖైనీ, గుట్కా, మద్యం. వీటిలో రెండు కలిస్తే ముప్పు కూడడం కాదు, హెచ్చవేసినట్టు పెరుగుతుంది. పొగలు కక్కే చాయ్ గొంతులో పోసుకునే అలవాటుంటే నాలుగైదు నిమిషాలు ఆగండి. సాసర్‌లో పోసుకుని తాగే పెద్దవాళ్లను చూసి నవ్వాల్సిన పనిలేదు. ఈ విషయంలో వాళ్లదే సరైన పద్ధతి.

జన్యు పరీక్ష కిట్ కొనాలనిపిస్తే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్షను ఏ జాతి ప్రజల మీద తయారుచేశారు? మార్పు ఉందని తేలితే ఇప్పుడు చేయనిది ఏం చేయాలి? నా నమూనా తర్వాత ఎవరి దగ్గర ఉంటుంది? మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే ఆ డబ్బు అట్టే పెట్టుకోండి. మీ కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం కిట్ జోలికి పోకుండా నేరుగా గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలిసి ఆ సంగతి చెప్పండి. ఎండోస్కోపీ ఎప్పటి నుంచి, ఎన్నాళ్లకోసారి అవసరమో ఆయన చెప్పగలరు.